ఏనుగుకి ఏ సాలిడ్ బుల్లెట్? (.458 లాట్, జింబాబ్వే)

హ్యూస్టన్_సుబ్బు
వచ్చే సీజన్‌లో జింబాబ్వే వెళ్తున్నా. జాంబేజీ లోయలో ఒక అడవిదున్న, పర్మిట్ దొరికితే ఒక ఏనుగు. రైఫిల్ .458 లాట్, బోల్ట్ యాక్షన్. దున్నకి సాఫ్ట్ బుల్లెట్ (తగిలాక విచ్చుకునేది) సంగతి తేలిపోయింది: స్విఫ్ట్ ఎ-ఫ్రేమ్, 500 గ్రెయిన్ల బరువు, నా రైఫిల్‌లో బాగా పడుతోంది. తలనొప్పంతా సాలిడ్‌తోనే, అంటే విచ్చుకోకుండా లోతుగా దూసుకుపోయే రకంతో. షాపతను గుండ్రటి ముక్కున్న ఫుల్ మెటల్ జాకెట్ (లోపల సీసం, పైన గట్టి లోహపు తొడుగు) తీసుకోమంటాడు, "మా తాతల కాలం నుంచి అదే" అని. రేంజ్‌లో పరిచయమైన ఇంకొకాయన ఆ మాట వినగానే నవ్వి, మొత్తం ఇత్తడితో చేసిన చదును ముక్కుది తప్ప ఇంకోటి పట్టుకెళ్లొద్దన్నాడు. మా పీహెచ్‌ని (వేటలో వెంట ఉండే ప్రొఫెషనల్ హంటర్) మెయిల్‌లో అడిగితే "మంచి సాలిడ్స్ తీసుకురా" అని ఒక్క ముక్క రాశాడు. మంచివంటే ఏవనే కదా నా ఏడుపు! డబ్బా ధర చూస్తే అన్నీ కొని పరీక్షించే స్తోమత లేదు.

ముక్కు గుండ్రంగా ఉండాలా, చదునుగానా? 500 గ్రెయిన్లా, 450యా? దున్నకి కూడా మొదటి తూటా నుంచే సాలిడ్ వాడేస్తే ఈ రెండు రకాల గొడవ వదిలిపోదా?

గోదారి_గాలి
జింబాబ్వే పర్మిట్ సరే అన్నా, ఇంట్లో పర్మిట్ దొరికిందా?

హ్యూస్టన్_సుబ్బు
దొరికింది. బదులుగా వంటిల్లు కొత్తగా చేయించడానికి ఒప్పుకున్నా.

గోదారి_గాలి
అయితే అన్నిటికన్నా ఖరీదైన సాలిడ్ గ్రానైటే.

జోబర్గ్_మూర్తి
చివరి ప్రశ్నకి ముందు చెప్తా, అసలు ప్రమాదం అక్కడుంది కాబట్టి. దున్నలు మందలో ఉంటాయి. .458 సాలిడ్ ఒక దున్న భుజంలో దూరి అవతలి పక్కన బయటికొచ్చి, వెనకున్న ఇంకోదాన్ని గాయపరుస్తుంది. ఆ రెండోదాని డబ్బు నువ్వే కట్టాలి. డబ్బు పోతే పోయింది, దాన్ని వెతుక్కుంటూ పొదల్లోకి వెళ్లాల్సింది కూడా నువ్వూ, నీ పీహెచ్చూ, ట్రాకర్లూ. అందుకే మందలో దున్నకి మొదటి తూటా ఎ-ఫ్రేమ్. ఆ తర్వాత మ్యాగజైన్‌లో ఉండేవన్నీ సాలిడ్స్. దెబ్బ తిన్న దున్న పారిపోతూ నీకు వెనక భాగం చూపిస్తుంది. అటునుంచి గుండె దాకా చేరాలంటే తడి గడ్డితో నిండిన పొట్ట దాటాలి. విచ్చుకునే బుల్లెట్ చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది.

ఏనుగు కథ వేరు. దానికి మొదటి నుంచి చివరిదాకా సాలిడ్డే. ఎదురుగా నిలబడి చూస్తే నుదురంతా మెదడే అనిపిస్తుంది. నిజానికి అది తేనెపట్టులా గాలి గదులున్న ఎముక. మెదడు బాగా వెనక్కి, కిందికి, రెండు చెవి రంధ్రాల నడుమ ఉంటుంది. ముందునుంచి కొడితే అంత ఎముకనీ దాటుకుని వెళ్లాలి. దారిలో కాస్త పక్కకి మళ్లినా మెదడు తప్పిపోతుంది. ఏనుగు కూలబడి మళ్లీ లేస్తుంది, లేదా అసలు పడదు. కాబట్టి లోతుగా వెళ్తే చాలదు, తిన్నగా వెళ్లాలి.

తిన్నగా వెళ్లడంలో చదును ముక్కుదే పైచేయి. అది ముందున్న కండనీ నీటినీ పక్కలకి గట్టిగా తోసేస్తుంది, బుల్లెట్ చుట్టూ ఖాళీ ఏర్పడుతుంది. పక్కల్ని ఏదీ తాకదు కాబట్టి దారి మారదు. గుండ్రటి ముక్కుకి కండ ఒరుసుకుంటూనే ఉంటుంది. ఒకవైపు ఒత్తిడి పెరిగితే అడ్డం తిరుగుతుంది. ముక్కు మీది చదును భాగం బుల్లెట్ వ్యాసంలో మూడింట రెండొంతులు ఉండేలా చూసుకో.

పాత_రైఫిల్
మూర్తి గారి మాటతో గుండ్రటి ముక్కుని చెత్తబుట్టలో పడేయకండి. ఆఫ్రికాలో పాతకాలం వేటగాళ్లు కొట్టిన ఏనుగులు ఎన్నో దానితో చచ్చినవే. పాతకాలం దంతాల వేటగాడు కరమోజో బెల్ వెయ్యికి పైగా ఏనుగుల్ని కొట్టాడు. వాటిలో చాలావాటికి వాడింది 7×57, అంటే తుపాకీ కంపెనీ రిగ్బీ వాళ్లు .275 అని పిలిచిన 7 ఎంఎం తూటా. 173 గ్రెయిన్ల బుల్లెట్, గుండ్రటి ముక్కు. ఆయనకి ఎవరూ చదును ముక్కు గురించి ఉపన్యాసం ఇవ్వలేదు.

జోబర్గ్_మూర్తి
బెల్ గారు ఏనుగు పుర్రెల్ని రంపంతో కోయించి మెదడు ఎక్కడుందో చూసుకున్న మనిషి. తుపాకీ శబ్దం పెద్దగా ఎరగని ఏనుగుల మధ్య, తీరిగ్గా, పక్కనుంచి కొట్టేవాడు. సుబ్బు వెళ్లేది జాంబేజీ లోయకి. అక్కడి జెస్ పొదల్లో ఏనుగు కనపడేసరికే పదిహేను, ఇరవై గజాల్లో ఉంటుంది, అది కూడా మనవైపు తిరిగి.

లోహం_రాజు
బెల్ బుల్లెట్ "చిన్నది" అనేవాళ్లు ఒక లెక్క చూడాలి. పౌండ్లలో బరువుని అంగుళాల్లో వ్యాసం వర్గంతో భాగిస్తే వచ్చేది సెక్షనల్ డెన్సిటీ. 7 ఎంఎం 173 గ్రెయిన్లకి అది .306. .375 హెచ్ అండ్ హెచ్‌లో 300 గ్రెయిన్లకి .305. రెండూ దాదాపు ఒకటే! .416లో 400 గ్రెయిన్లకి .330, .458లో 500 గ్రెయిన్లకి .341. సన్నగా పొడవుగా ఉన్న బుల్లెట్ విరగకుండా వంగకుండా ఉన్నంత వరకు లోతుగానే పోతుంది. బెల్ రహస్యంలో సగం గురి, సగం ఇది.

"వంగకుండా" అన్నదే అసలు మెలిక. పాత సాలిడ్స్ చాలావాటిలో లోపల సీసం, పైన పల్చటి జాకెట్. పెద్ద ఎముక తగిలితే వంగేవి, నొక్కుకుపోయేవి, అడుగు నుంచి సీసం బయటికొచ్చేసేది. దానికి పరిష్కారంగా వచ్చింది మందపాటి ఉక్కు జాకెట్. ఆస్ట్రేలియా వుడ్‌లీ వాళ్ల ఫుల్ మెటల్ జాకెట్ ఈ రకం. హార్నడీ డీజీఎస్ కూడా ఉక్కు జాకెట్టే, పైన రాగి పూత, కాకపోతే దాని ముక్కు చదును. ఇంకో దారి సీసమే లేకుండా మొత్తం ఒకే లోహంతో చేయడం. బార్న్స్ బ్యాండెడ్ సాలిడ్, నార్త్ ఫోర్క్, దక్షిణాఫ్రికాలో జీఎస్ కస్టమ్, పెరెగ్రిన్ ఈ కోవలోవి.

వీటిలోనూ రాగి వేరు, ఇత్తడి వేరు. శుద్ధ రాగి మెత్తన. వేగంగా పోయి గట్టి ఎముకకి తగిలితే ముక్కు కొంచెం నలిగి వెడల్పవుతుంది. ఇత్తడి అంత సులభంగా నలగదు. ఏనుగుకే అయితే నా ఓటు ఇత్తడికి.

ఆదిలాబాద్_పోరడు
మిలిటరీ తూటాల్లో కూడా ఫుల్ మెటల్ జాకెట్ ఉంటది కదా, అది సాలిడ్ కాదా?

లోహం_రాజు
కాదు. దాని జాకెట్ పల్చన, అడుగు తెరిచి ఉంటుంది, ముక్కు మొనదేలి ఉంటుంది. కండలోకి వెళ్లగానే తలకిందులవుతుంది. ఏనుగు మీద దాన్ని ఊహించడం కూడా పాపం.

ఆదిలాబాద్_పోరడు
మా దగ్గర పంటలు పాడుచేసే అడవిపందులని కొట్టనీకి సర్కారు పర్మిషన్ ఇస్తది. ఈ .458 సాలిడ్ దానికి వాడితే పందిని దాటి పక్క మండలంల దొరుకుతది కావొచ్చు.

డబుల్_ప్రియుడు
సుబ్బు దగ్గర బోల్ట్ యాక్షన్ కాబట్టి తప్పించుకున్నాడు. నాది .470 నైట్రో, జంట గొట్టాలది. మాకు ఇంకో బాధ ఉంది. రెండు గొట్టాలూ ఒకే చోట కొట్టేలా ఫ్యాక్టరీలో ఒక నిర్ణీత తూటాకి సరిచేసి ఇస్తారు. బుల్లెట్ బరువో వేగమో మారిస్తే కుడి గొట్టం ఒకచోట, ఎడమ గొట్టం ఇంకోచోట కొడుతుంది. పాత రైఫిళ్ల గొట్టాలు పల్చన. గట్టి ఇత్తడి సాలిడ్ అందులోంచి వెళ్తే లోపలి గాడుల ఆకారం గొట్టం బయటికి కూడా కనపడేలా ఉబ్బిందని వింటుంటాం. గాట్లున్న బ్యాండెడ్ రకాలకి ఆ ఒత్తిడి తక్కువ. అయినా నేను మాత్రం నా పాతదానిలో ఉక్కు జాకెట్, సీసం గుండె ఉన్నవే వాడతా. ఈ విషయంలో పాత_రైఫిల్ గారితో నేను.

పాత_రైఫిల్
.470 అంటే గుర్తొచ్చింది. ఆ బోరు అంత ప్రసిద్ధికెక్కడానికి కారణం మన దేశమే. మార్టినీ-హెన్రీ రైఫిళ్లకి తూటాలు దొరక్కూడదని 1907లో బ్రిటిష్ వాళ్లు .450 బోరు మందుగుండు ఇండియాలోకి, సూడాన్‌లోకి రాకుండా నిషేధించారు. ఎవరు తిరగబడతారోనని భయం. దాంతో లండన్ తుపాకీ కంపెనీలు .450 పక్కన పెట్టి .465, .470, .475 అంటూ పక్క కొలతల్లోకి మళ్లాయి. మన తిరుగుబాటు భయం ఆఫ్రికా ఏనుగుల మీద ఇలా పడింది.

గోదారి_గాలి
బాబాయ్ మొదలుపెట్టాడు. ఇక నిజాం నవాబు దాకా ఆగడు.

పచ్చని_అడవి
బుల్లెట్ ఏ లోహమైతే ఏంటి? ఏనుగు లాంటి జంతువుని డబ్బిచ్చి చంపడం గురించి ఇంత తీరిగ్గా మాట్లాడుకుంటుంటే ఒళ్లు మండుతోంది. కెన్యా 1977లోనే వేట ఆపేసింది. మిగతావాళ్లకి ఏమైంది?

జోబర్గ్_మూర్తి
మీ కోపం అర్థమైంది. కెన్యా ఆపేసింది, నిజమే. బోట్స్‌వానా 2014లో ఆపి 2019లో మళ్లీ తెరిచింది, పొలాల మీద పడుతున్న ఏనుగులతో పల్లెలవాళ్లు గోల పెట్టాక. జింబాబ్వేలో క్యాంప్‌ఫైర్ పథకం కింద వేట డబ్బులో కొంత అక్కడి ఊళ్లకి వెళ్తుంది. సరిపోతుందా, సక్రమంగా చేరుతుందా అన్నది వేరే గొడవ. కానీ వేట జరిగేటప్పుడు జంతువు ఒక్క దెబ్బకి పోవాలా, రోజంతా బాధపడి పోవాలా అన్నది ఈ బుల్లెట్ మీదే ఆధారపడి ఉంది. అందుకే ఈ చర్చ.

పచ్చని_అడవి
ఒప్పుకోను. కానీ చివరి మాటలో న్యాయం ఉంది. నేను వేరే థ్రెడ్ తెరుస్తా.

హ్యూస్టన్_సుబ్బు
రాజు గారూ, ఇత్తడి అన్నారు సరే. 500 గ్రెయిన్లా, 450యా?

లోహం_రాజు
ఘన సెంటీమీటరుకి సీసం 11.3 గ్రాములు, రాగి సుమారు 9, ఇత్తడి 8.5. అంటే అదే 500 గ్రెయిన్ల బరువు ఇత్తడితో చేస్తే బుల్లెట్ పొడవు పెరిగి తీరాలి. ఆ అదనపు పొడవు కేసు లోపలికి దిగి మందు చోటు తినేస్తుంది. పొడవైనదాన్ని స్థిరంగా తిప్పడం గొట్టానికి కూడా కష్టం. అందుకే ఏకలోహం సాలిడ్స్‌లో చాలామంది 450కి దిగుతారు. సెక్షనల్ డెన్సిటీ .306కి పడిపోతుంది, అంటే మళ్లీ బెల్ గారి అంకె. చదును ముక్కుతో అది చాలు.

పాత_రైఫిల్
నాకు ఒప్పుదల కాదు. 500 గ్రెయిన్లకి చేసిన రైఫిల్‌లో 450 ఎందుకు? బరువు బరువే. తూటా పొడవు సరిపోవాలంటే ఉక్కు జాకెట్‌ది కొనుక్కో, 500 గ్రెయిన్లు పొట్టిగానే వస్తుంది.

డబుల్_ప్రియుడు
+1

జోబర్గ్_మూర్తి
లాట్‌లో రెండూ పనిచేస్తాయి, కేసు పెద్దది. ఈ సమస్య .458 విన్‌చెస్టర్‌ది. 1956లో అది వచ్చినప్పుడు పొట్టి కేసులో 500 గ్రెయిన్ల బుల్లెట్ కింద మందుని కుక్కి పెట్టారు. ఎండలో, కాలం గడిచేకొద్దీ ఆ మందు గడ్డకట్టి సరిగ్గా మండేది కాదు. వేగం పడిపోయి ఏనుగు తలలో సగం దూరంలోనే బుల్లెట్లు ఆగిపోయాయని పాత పీహెచ్‌లు ఇప్పటికీ చెప్తారు. జాక్ లాట్‌కి మొజాంబిక్‌లో ఒక దున్నతో ప్రాణం మీదికొచ్చింది, 1959లో. ఆ తర్వాతే ఆయన పొడవు కేసు ఆలోచనలో పడ్డాడు, 1971లో ఇది తయారైంది. సెకనుకి 2,300 అడుగుల దగ్గర 500 గ్రెయిన్లు తేలిగ్గా వెళ్తాయి. మరీ వేగం కోసం ఎగబడకు సుబ్బూ. భుజం అదిరిపోతే రెండో తూటా ఆలస్యమవుతుంది.

ఇక ముక్కు గురించి ఒక అనుభవం. ఇక్కడ నేను తోడుగా వెళ్లిన ఒక వేటలో అతిథి ఏదో పాత స్టాకులోంచి గుండ్రటి ముక్కు సాలిడ్స్ తెచ్చాడు. కంపెనీ పేరు అనవసరం. ఎదురుగా వచ్చిన ఏనుగు నుదుటి మీద సరైన చోటే కొట్టాడు, నేను పక్కనే నిలబడి చూశా. ఏనుగు వెనక కాళ్ల మీద కూర్చుని మళ్లీ లేచింది. పీహెచ్ రెండో తూటాతో పడేశాడు. తర్వాత పుర్రె తెరిచి చూస్తే మొదటి బుల్లెట్ మెదడుకి పక్కగా మెడ కండలో అడ్డంగా పడుకుని ఉంది. నడుము దగ్గర వంగి ఉంది. గురి తప్పలేదు, బుల్లెట్ తప్పింది.

పాత_రైఫిల్
అది పల్చటి జాకెట్ తప్పు, గుండ్రటి ముక్కు తప్పు కాదు.

జోబర్గ్_మూర్తి
రెండూ కలిసే చేశాయి. ముందు దారి మళ్లింది, తర్వాత వంగింది. ముందే వంగి ఉంటే అంత లోతుకి వెళ్లేదే కాదు.

మౌసర్_మామ
అందరూ లోహం గురించే మాట్లాడుతున్నారు, రైఫిల్ మింగుతుందా లేదా అని ఎవరూ అడగరేం? వెడల్పాటి చదును ముక్కు కొన్ని రైఫిళ్లలో ఛాంబర్ అంచుకి తగిలి ఇరుక్కుపోతుంది. గుండ్రటిది జారిపోతుంది. సుబ్బూ, ఏది కొన్నా మ్యాగజైన్ నిండా వేసి, భుజం మీద పెట్టుకుని బోల్ట్ వేగంగా లాగి చూడు. బల్ల మీద పెట్టి మెల్లగా లాగితే ప్రతి రైఫిలూ బుద్ధిమంతుడే. రేంజ్‌లో నిజం తూటాలతోనే చెయ్, ఇంట్లో వద్దు. ఇంకోటి, ఒక తూటా పేల్చాక మ్యాగజైన్‌లో మిగిలినవాటి పొడవు కొలువు. పేల్చినప్పటి ఎదురుదెబ్బకి లోపలి తూటాల బుల్లెట్లు కేసులోకి వెనక్కి దిగిపోతుంటాయి. కేసు మూతి బుల్లెట్ చుట్టూ గట్టిగా నొక్కి ఉండాలి.

హ్యూస్టన్_సుబ్బు
ఇది నాకు తట్టనే లేదు మామా. థాంక్స్.

గుంటూరు_గన్
మా బావమరిది కూడా వస్తానంటున్నాడు, అతని దగ్గర 9.3×62 ఉంది. అది నడుస్తుందా?

జోబర్గ్_మూర్తి
జింబాబ్వేలో ఏనుగు, దున్నలకి కనీసం 9.2 మిల్లీమీటర్ల వ్యాసం, 5.3 కిలోజౌళ్ల శక్తి అడుగుతారు. వ్యాసం సరిపోయింది. శక్తి చూస్తే, 286 గ్రెయిన్లు 2,360 అడుగుల వేగంతో వెళ్తే 4.8 కిలోజౌళ్లే. తీసుకెళ్లే వాళ్లతో ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి. లేకపోతే .375 అద్దెకి తీసుకోండి, 300 గ్రెయిన్ల మామూలు తూటాకే 5.7 దాటుతుంది.

గుంటూరు_గన్
ఇద్దరికీ సింహం మీద కూడా మోజుంది. సాలిడ్స్ ఎటూ ఉంటాయి కదా…

జోబర్గ్_మూర్తి
సింహానికి, చిరుతకి సాలిడ్ వద్దే వద్దు. పల్చటి ఒళ్లు, సన్న రంధ్రం చేసి వెళ్లిపోతుంది. సింహం తిరిగి నీ మీదికే వస్తుంది.

గోదారి_గాలి
గుంటూరు బావమరుదులకి బుల్లెట్లెందుకు, ఒక గుప్పెడు కారం చాలు.

విమానం_వెంకట్
ఎవరూ చెప్పలేదు కాబట్టి: విమానంలో మనిషికి మందుగుండు 5 కిలోలు, డబ్బాతో కలిపి. లాట్ తూటా 55 గ్రాముల చుట్టూ ఉంటుంది, కాబట్టి సాఫ్ట్, సాలిడ్ కలిపి 60 తీసుకెళ్లినా ఇబ్బంది లేదు. రెండు రకాల్నీ వేర్వేరు డబ్బాల్లో పెట్టి పైన పెద్ద అక్షరాలతో రాయి. చీకట్లో చేత్తో తడిమి గుర్తుపట్టేలా బెల్టులో కూడా సాలిడ్స్‌కి ఒక వైపు కేటాయించు.

హ్యూస్టన్_సుబ్బు
అప్‌డేట్. ఒక మిత్రుడు సగం డబ్బా ఇచ్చాడు, మిగతావి కొన్నా. పరీక్షించినవి: గుండ్రటి ముక్కు ఉక్కు జాకెట్ 500, చదును ముక్కు ఇత్తడి 500, అదే రకం 450. నీళ్లలో నానబెట్టిన వార్తాపత్రికల కట్టలు, మధ్య మధ్యలో ప్లైవుడ్, వరసగా పేర్చి కొట్టా. ఇది ఏనుగు తల కాదని తెలుసు, మూడిటికీ ఒకే పరీక్ష కదా అని.

గుండ్రటిది కొంత దూరం చక్కగా వెళ్లి తర్వాత పక్కకి మళ్లి కట్టల వరస నుంచి బయటికే పోయింది. ఇంకోటి అడ్డం తిరిగి ఆగింది. ఒక్కటీ వంగలేదు, పాత_రైఫిల్ గారు, అది ఒప్పుకోవాలి. చదునువి రెండు బరువులూ గీత గీసినట్టు వెళ్లాయి. 450కీ 500కీ లోతులో నాకు చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. మౌసర్ మామ చెప్పినట్టు మ్యాగజైన్ పరీక్ష చేస్తే 500 చదునుది చివరి తూటా దగ్గర తడబడింది. 450 తడబడలేదు, దాని ముక్కు ఆకారం ఒకటే అయినా తూటా మొత్తం పొడవు కాస్త తక్కువ.

యాభై గజాల్లో 450, ఎ-ఫ్రేమ్‌కి ఒకటిన్నర అంగుళం పైన పడుతోంది. ఏనుగుని కొట్టే దూరానికి అది లెక్కలోకి రాదనుకుంటున్నా.

జోబర్గ్_మూర్తి
రాదు. 450 పట్టుకెళ్లు. మళ్లీ కొనేటప్పుడు డబ్బాల మీద బ్యాచ్ నంబరు ఒకటే ఉండేలా చూడు, తేడా వస్తే మళ్లీ గురి సరిచూసుకో. ఇకనుంచి పేపర్ కట్టల్ని వదిలి నిలబడి కొట్టడం సాధన చెయ్, కర్రల మీద ఆనించి, ఆనించకుండా కూడా. పీహెచ్‌ని ఏనుగు పుర్రె బొమ్మలు పంపమను, తల ఎత్తినప్పుడూ దించినప్పుడూ గురి ఎక్కడికి మారుతుందో చూసుకో.

మౌసర్_మామ
500 తడబడినది ఫాలోయర్ (మ్యాగజైన్‌లో తూటాల్ని పైకి నెట్టే పలక) దగ్గరా, ర్యాంప్ (ఛాంబర్‌లోకి దారిచ్చే వాలు) దగ్గరా? ర్యాంప్ అయితే మంచి తుపాకీ మేస్త్రీ గంటలో సరిచేస్తాడు.

హ్యూస్టన్_సుబ్బు
ర్యాంప్. కానీ ఇంత దగ్గరలో ప్రయాణం పెట్టుకుని రైఫిల్ మీద చెయ్యి వేయించను మామా.

పాత_రైఫిల్
మంచి నిర్ణయం. అలా అని నేను మారలేదు. ఆ గుండ్రటి ముక్కువి మిగిలాయా? అమ్మేస్తే చెప్పు, హ్యూస్టన్‌లో మా అబ్బాయి తీసుకుంటాడు.

హ్యూస్టన్_సుబ్బు
కొన్ని మిగిలాయి. డబ్బులొద్దు, నేరుగా మెసేజ్ పెట్టండి.

గోదారి_గాలి
డబ్బులు తీసుకో అన్నా, వంటింటికి పనికొస్తాయి.